విత్తనానికి ఉంచిన సొరకాయ

అమెరికాలోని అరోరాలో ఆ ఏడు చలి ముందే దిగింది. పొద్దున్నే ధనమ్మ కిటికీ తెర తీసేసరికి పెరట్లో గడ్డి మీద ఎవరో ముగ్గుపిండి జల్లి పోయినట్టుంది. శాలువా కప్పుకుని, కూతురి బూట్లలో కాళ్ళు దూర్చి, సొరపందిరి దగ్గరికి నడిచింది. ఆకులన్నీ నల్లబడి, ఉడకేసినట్టు వేలాడుతున్నాయి. పాదు పోయినందుకు ఆమెకు బెంగ లేదు. విత్తనానికని ఎర్రగుడ్డ కట్టి ఉంచిన కాయ కోసం పైకి చూసింది.

కాయ లేదు. గుడ్డా లేదు.

వంటింట్లో అల్లుడు జితేందర్ పీలర్‌తో ఆ కాయ చెక్కు తీస్తున్నాడు.

"రాత్రి ఫ్రాస్ట్ పడతదని ఫోన్‌ల వచ్చింది అత్తమ్మా. ఖరాబైతయని అన్నీ తెంపిన. ఇయ్యాల నేనే పప్పు చేస్త!"

"ఎర్రగుడ్డ కనపళ్ళేదా అల్లుడుగారూ?"

"కనబడ్డది. దిష్టికి కట్టిన్రనుకున్న. మడతపెట్టి దేవుని దగ్గర పెట్టిన."

ధనమ్మ కాయను చీల్చి చూసింది. గింజలు ఇంకా పాలు కారుతున్నాయి. అల్లుణ్ణి ఏమంటుంది? భక్తిగా చేశాడు మరి. "ఉప్పు తక్కువెయ్యండి" అని మాత్రం అని, వెళ్ళి సోఫాలో కూర్చుంది.

ఎండ వచ్చి గడ్డి మీది తెలుపు కరిగిపోతోంది. కొన్న గింజ ఇక్కడ మొలిచి చచ్చేది, ధనమ్మ గింజ కాసేది. ఏటా చలి పోగానే గుళ్ళో ఆడవాళ్ళంతా గింజలకు ఆమె చుట్టూ మూగేవారు. చదువు లేదని ఆమెను ఎవరూ తక్కువగా చూడని చోటు అదొక్కటే. వచ్చే ఏడు అక్కడికి వట్టిచేతులతో వెళ్ళాలి.

ఉన్న దారి ఒక్కటే, అదీ రెండిళ్ళ అవతల. అనూరాధ కంచె మీద ఒక కాయ ముదిరి, చెక్కలా ఎండి వేలాడుతోంది. అదీ ధనమ్మ ఇచ్చిన గింజే. వేసవిలో దాన్ని చూసి, "కోసుకోవడానిక్కూడా బద్ధకమే ఆ పిల్లకి" అని గుళ్ళో నలుగురిలో అనేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యాహ్నం దాకా ఆగి చూసింది. లేచి వెళ్ళి తలుపు తట్టింది.

"ఏంటాంటీ, దారి తప్పారా?" అంది అనూరాధ.

"తప్పలేదు. నీ కంచె మీద కాయ చూసి వచ్చాను."

"బద్ధకం కాయా?"

"ఆఁ, అదే. అన్నాను. అబద్ధమా?"

"నిజమేలెండి. డ్యూటీ చేసొచ్చి పడుకుంటే లేవబుద్ధి కాదు." అనూరాధ నవ్వు ఆపుకుంటోంది. "కాయెందుకూ?"

ధనమ్మ శాలువా సర్దుకుంది. 'ఇలా తే' అనడం తప్ప అడగడం ఆ నాలుకకు అలవాటు లేదు.

"నా విత్తనం పోయిందమ్మా. ఇస్తావా?"

అనూరాధ నవ్వు మానేసి కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మీరే కోసుకోండి. ఒక్కటే కండిషన్. గింజలు పంచేటప్పుడు ఇవి అనూరాధ ఇంటివని గుళ్ళో మీ నోటితో చెప్పాలి."

ధనమ్మ తొడిమ కత్తిరించి, కాయను చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. కాయను చంటిపిల్లలా గుండెకు పొదువుకుంది.

"చెప్తాలే," అంది చివరికి. "నేను చెప్పేటప్పుడు నువ్వు మాత్రం నా ఎదురుగా నిలబడి పళ్ళికిలించకు."