పేగు ఆరకూడదు

మధ్యాహ్నం కాన్వాయ్ దిగాం. లోయలో ఆరు గుడారాలు, రెండు రేకుల షెడ్లు. అదే మా ఆసుపత్రి. ఊపిరి తీస్తే చలి ముక్కు లోపల గుచ్చింది. నాకు మంచు బూట్లు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, కిరోసిన్ పొయ్యికి దగ్గరగా ఒక మంచం ఇచ్చారు. నేను సైన్యంలో నర్సుని. మాది భువనగిరి దగ్గర పల్లె. నలుగురిలో నోరు తెరవలేను. నా ట్రంకులో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ.

మంచుకు రోడ్డు మూసుకుపోయిన రోజు రేడియో మోగింది.

"ట్రక్కు జారింది. ఒకడికి కడుపులో దెబ్బ. మోసుకొస్తున్నాం."

"హెలికాప్టర్?" సర్జన్ అడిగారు.

"మబ్బు. రాదు."

పొట్ట తెరిచి, చిరిగిన పేగు కుట్టారు. నాకిచ్చిన ఆర్డరు ఒకటే. "పేగు ఆరకూడదు. ఆరితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. దారి మూసుకుపోతుంది." సెలైన్ సీసాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచి, పేగుల మీద కప్పిన గుడ్డను తడుపుతూ నిలబడ్డాను. చివర్లో లోపలంతా కడిగారు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగారు.

మత్తు దిగుతుంటే ఆ జవాను తెలుగులో గొణిగాడు. "నీళ్లు... జర నీళ్లియ్యుండ్రి."

"ఇప్పుడే వద్దు తమ్ముడూ."

కళ్లు తెరిచాడు. "మనోళ్లేనా మేడమ్? ఏ ఊరు?"

"భువనగిరి దిక్కు."

"మాది చౌటుప్పల్ కాడ. గొర్లు కాస్తం. ఎవలు లేనప్పుడు అక్కా అంట, ఏమనకుండ్రి."

మర్నాడు లేపి నడిపించమన్నారు. నడిస్తే పేగులో కదలిక వస్తుంది.

"కుట్లు తెగుతయక్కా!"

"తెగవు. నన్ను పట్టుకో."

"మీరే గాలికి కొట్టుకపోయేటట్టున్నరు. మిమ్మల్ని పట్టుకుంటే ఇద్దరం వడ్తం." నవ్వబోయి, నొప్పికి పొట్ట పట్టుకున్నాడు. గుడారం చివరిదాకా నడిచాడు. తిరిగొచ్చి కూర్చుంటూ అన్నాడు: "ఆకలైతాందక్కా. జరంత బువ్వ పెట్టు."

"పేగు కదలనీ. నేనే పెడతా."

పేగు ఇంకా కదల్లేదు, బువ్వ మొదలుపెట్టలేదు. ఆ తర్వాత ఒక ఉదయం కట్టు మార్చడానికి చొక్కా ఎత్తాను. కట్టు మీద నల్ల గొంగడి ముక్క బిగించి చుట్టి ఉంది. వాళ్లమ్మ వడికిన ఉన్ని. ఎప్పుడూ కిట్టులోనే ఉంచుకునేవాడట.

"గిదేంది?"

"మా ఇండ్లల్ల గంతేనక్కా. గొర్రెకు కడుపు చీరినా, ఆడోళ్లకు కాన్పైనా, గొంగడే చుడ్తరు. లోపటికి గాలి పోదు."

కింద కట్టు చెమటకు తడిసిపోయింది. అది పక్కకు జరిగి, కుట్లకు ఉన్ని పోగులు అంటుకున్నాయి. ఒక్కొక్కటీ తీసి కడిగాను. సాయంత్రానికి జ్వరం వచ్చింది. పొట్ట బిగుసుకుంది.

మళ్లీ తెరిచారు. లోపల చీము. పేగులు అతుక్కుని ముద్దగా ఉన్నాయి. సర్జన్ చాలాసేపు వాటిని విడదీస్తూనే ఉన్నారు. బయటికొచ్చాక, నేనేమీ అడగకుండానే అన్నారు. "ఆ ఉన్ని వల్లే అనుకోకు. పేగు చిరిగినప్పుడే లోపల విషం పడి ఉండొచ్చు. మనకు తెలియదు."

తెల్లారి అతను పోయాడు. మబ్బు విడిచింది. హెలికాప్టర్ వచ్చింది. ముఖం మీదికి దుప్పటి కప్పి ఎక్కించాం.

నా సర్వీసు ముగిశాక వాళ్లింటికి వెళ్లాను. తండ్రి గొర్లను మేపడానికి వెళ్లాడు. తల్లి ఒక్కతే ఉంది. ఎట్ల పోయాడని అడిగితే గొంగడి మాట ఎలా చెప్పాలా అని జవాబు వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె అది అడగలేదు.

"బిడ్డా, ఆఖరికి కడుపునిండ తిన్నడా?"

"తిన్నడమ్మా."

"ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

ఆమె లోపలికి పోయి, పళ్లెంలో అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. "తిను బిడ్డా." ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను ముద్ద కలిపాను. ఆమె నా ముఖం చూడలేదు. నా గొంతు చూసింది. నేను మింగిన ప్రతిసారీ, ఆమె గొంతు కూడా కదిలింది.