జబ్బు నాది, సేవలు తోడల్లుడికి

గుండె డాక్టరుకు ఆరేళ్ళపాటు కనపడకుండా తిరిగిన ఘనుణ్ణి నేను. అప్పులవాడికి మొహం చాటేసేవాళ్ళని తణుకు బజారులో చాలామందిని చూశాను గానీ, ప్రాణం నిలబెట్టినవాడికి మొహం చాటేసినవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఎన్ని ఫీజులు మిగిల్చానో తలుచుకుని రోజూ మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెం ఒక ఆదివారం మధ్యాహ్నం, రాజమండ్రిలో మా అత్తగారి హాల్లో, అత్తవారి వంశమంతా చూస్తుండగా ఎలా బద్దలైందో చెబుతాను. నవ్వుకోండి. నవ్వడం గుండెకు మంచిదట. మీ గుండెకు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం గల్లాపెట్టె పక్కన పాకడం నేర్చుకున్నవాళ్ళం. ఎనిమిదేళ్ళ కిందట నా గుండె లయ తప్పింది. కొత్తగా చేరిన పనివాడి చేతిలో గ్లాసుల దొంతరలా గలగలలాడడం మొదలెట్టింది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, లోపల అల్లరి పుట్టే చోట కాల్చి, దాన్ని దారిలో పెట్టారు.

"ఇది మళ్ళీ రావచ్చండీ. ఏడాదికోసారి చూపించుకోండి" అన్నారు డాక్టరుగారు.

రెండేళ్ళు వెళ్ళాను. రెండుసార్లూ "బాగుంది" అన్నారు. బాగుంది అన్న మాటకు డబ్బు చెల్లించే ఆచారం మా వంశంలో లేదు. మానేశాను. మానేసి ఊరుకున్నానా? కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. "నేను బేరమాడి చేయించుకున్న రిపేరండీ! రమ్మని బొట్టు పెట్టి పిలిచినా మళ్ళీ రాదు."

ఆ జబ్బువల్ల నాకొక లాభం కూడా కలిగింది. మా అత్తగారింట్లో ఫ్యాను కింద ఒక పేము కుర్చీ ఉంది. ఆ కుర్చీ నాకు రాసిచ్చేశారు. "పెద్దల్లుడుగారిది గుండె జబ్బర్రా, లేవండి!" అని మా అత్తగారు గదమాయిస్తే, అందులో కూర్చున్న పిల్లాపీచూ పరుగందుకునేవారు. మొదటి బొబ్బట్టు నాకే. మొదటి చెంచా నెయ్యి మాత్రం నాకు కాదు గానీ, నెయ్యి వేయలేకపోతున్నందుకు ఆవిడ నొచ్చుకోవడం ఉంది చూశారూ, అది నేతికంటే రుచిగా ఉండేది.

కానీ ఎంత మంచి జబ్బయినా నయమైపోతే పాతబడుతుంది. ఈలోగా మా తోడల్లుడు ప్రసాదు పైకొచ్చాడు. మా ఆవిడ చెల్లెలు లలిత భర్త. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. రొయ్యలు తిని పెరిగాయో, ఇతను అమ్మి పెరిగాడో గానీ, ఏడాది తిరిగేసరికి కారు, కారుకు తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ నవ్వు వచ్చాయి. ముందు బొబ్బట్టు పోయింది. తరవాత కుర్చీ పోయింది. "మీరు బాగానే ఉన్నారుగా బాబూ, అలా సోఫాలో సర్దుకోండి" అన్నారు మా అత్తగారు. సోఫాలో స్ప్రింగు ఉంది. ఫ్యాను గాలి లేదు.

సరిగ్గా అప్పుడే నా గుండె మళ్ళీ మొదలెట్టింది.

కొట్లో ఒకావిడతో ఇడ్లీపాత్ర బేరం మంచి రసపట్టులో ఉండగా లోపల ఏదో జారింది. ఆగింది, గెంతింది, మూడడుగులు పరిగెత్తింది. గల్లాపెట్టె పట్టుకుని, ఆవిడ అడిగిన ధరకే పాత్ర ఇచ్చేశాను. ఆవిడ పాత్రను అటూఇటూ తిప్పి, సొట్టపడిందేమోనని అనుమానంగా చూసుకుంటూ వెళ్ళింది.

ఇంట్లో చెప్పాలా? చెబితే మా ఆవిడ సుజాత ఏమంటుంది? "ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను" అంటుంది. ప్రసాదు ఏమంటాడు? "అయ్యో అన్నయ్యగారూ, గ్యారంటీ అన్నారు కదండీ" అంటాడు. ఈ రెండు మాటలూ వినడంకంటే గ్యాసు అనుకోవడం చవక. రోజూ జీలకర్ర సోడా తాగాను. గుండెకు సోడా నచ్చినట్టు లేదు.

ఇలా ఉండగా అన్నవరం కొండమీద వ్రతం చేయించుకొచ్చి, మా అత్తగారు అందరినీ భోజనానికి పిలిచారు. ప్రసాదు చేతికి కొత్త వాచీ. లాల్చీ చెయ్యి మడిచి మరీ చూపించాడు.

"గుండె కూడా చూస్తుందండీ అన్నయ్యగారూ. కొట్టుకోవడంలో తేడా వస్తే వెంటనే చెప్పేస్తుంది."

నా ఒళ్ళు మండిపోయింది. గుండెజబ్బు నాది. గుండె చూసే వాచీ ఇతనికి! బట్టతలవాడు దువ్వెన కొనుక్కోవడమైనా చూశాం గానీ, జుట్టున్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దువ్వుకోవడం ఎక్కడైనా ఉందా?

"ఎంతకు కొన్నావేంటి?" అన్నాను.

చెప్పాడు.

"మునిగావు."

"బ్రాండండీ."

"బ్రాండుకు టోపీ పెట్టడం రాదనుకున్నావా? ఓసారి ఇలా ఇవ్వు. సరుకు వాడి చూడందే నేను ధర చెప్పను."

పాపం, ఇచ్చేశాడు. నా లెక్క మీకు అర్థమయ్యే ఉంటుంది. లోపలున్నది గ్యాసా, పాత చుట్టమా అన్నది పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఊరికే వస్తే తూకం రాళ్ళనైనా మింగే రకాన్ని. భోజనమయ్యాక వాచీ పెట్టుకుని పెరటి వసారాలో చేరాను. నాకు తెలియని సంగతి ఒక్కటే. ఆ వాచీ చూసింది చూసినట్టు ప్రసాదు ఫోనుకు చేరవేస్తుంది. ఆ ఫోను లలిత హ్యాండ్‌బ్యాగులో ఉంది.

కాసేపటికి నా గుండె గెంతులు మొదలెట్టింది. లోపల్నుంచి లలిత కేక.

"అమ్మా! ఈయనకేదో అయిందే! గుండె లయ సరిగా లేదు, డాక్టరుకు చూపించండి అని వస్తోంది!"

నేను గుమ్మం దాకా వచ్చేసరికి హాలంతా ప్రసాదు మీద పడి ఉంది. అతను పేము కుర్చీలో నాలుగో బొబ్బట్టు చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. వాచీ నాకిచ్చిన సంగతి ఆ కంగారులో అతనికే గుర్తులేదు.

"నాకా? నాకేంటి?"

"మాట్లాడకండి! గుండెల్లో ఎలా ఉంది?"

అతను చెయ్యి గుండెమీద వేసుకున్నాడు. కళ్ళు తేలేశాడు. "అవునే... పొద్దుట్నుంచీ ఏదో బరువుగానే ఉంది."

పదకొండు గారెలు తిన్నవాడికి బరువుగా కాక ఇంకెలా ఉంటుందండీ? కానీ అడిగేవాళ్ళెవరు? ఒకరు కాళ్ళు రుద్దుతున్నారు. ఒకరు గుండీలు విప్పుతున్నారు. మా అత్తగారు కళ్ళొత్తుకుంటూ నుదుటిమీద అన్నవరం కుంకుమ పెడుతున్నారు. అన్నిటికంటే ఘోరం, నా భార్య, నేను తాళి కట్టిన సుజాత, పేపరు మడిచి అతనికి విసురుతోంది. సొమ్మొకడిది సోకొకడిది అన్నారు పెద్దలు. జబ్బొకడిది జాలొకడికి అని వాళ్ళు రాయలేదంటే, ఇంత అన్యాయం వాళ్ళు చూడలేదన్నమాట.

తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాను. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే సేవలు పోతున్నాయి. పోనీ, ఆస్పత్రికి తీసుకెళితే ఏమీ లేదంటారు, తప్పు వాచీమీదికి పోతుంది, చూద్దామనుకున్నాను. అంతలో మా అత్తగారు ఒక్క మాటన్నారు.

"పెద్దల్లుడుగారిదేముంది, ఏదో చిన్న జబ్బు, తగ్గిపోయింది. పాపం ఈ బాబుది పెద్దదల్లే ఉందే!"

అంతే. చెయ్యెత్తి అరిచాను. "అది నా గుండె!"

అందరూ తిరిగి చూశారు. మళ్ళీ అటు తిరిగారు.

"ఊరుకోండి" అంది సుజాత, విసరడం ఆపకుండా. "ఆయన పడుతున్న అవస్థలో కూడా మీకు పోటీయేనా?"

"పోటీ కాదే! వాచీ నా చేతికుంది! కొట్టుకుంటున్నది నాది!"

"కుర్చీ కావాలంటే తరవాత కూర్చోండి బావగారూ" అంది లలిత ఏడుస్తూ.

చూశారా! పుట్టి బుద్ధెరిగాక నేను బేరమాడకుండా చెప్పిన మొదటి నిజమది. కొనేవాడే లేడు. ఇంకోసారి అరుద్దామనుకున్నాను గానీ కళ్ళముందు హాలు చిన్నగా పక్కకు ఒరిగింది. గుమ్మం పట్టుకున్నాను.

సుజాత పేపరు కిందపడేసింది. గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎనిమిదేళ్ళ కిందట ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఆ నాడిని అదే వేళ్ళతో పట్టుకున్న మనిషి. ఆమెకు వాచీ అక్కర్లేదు. ఆమె మొహంలో రంగు పోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇప్పుడే..."

"ఎన్నాళ్ళు?"

"ఓ వారం."

"నిజం చెప్పండి."

"పోనీ, రెండు వారాలు వేసుకో."

"నా మీద ఒట్టు."

"రెండు నెలలు" అన్నాను.

మా బజారులో బేరంలో నన్ను ఇంత తొందరగా, ఇంత దూరం లాగినవాడు లేడు.

ప్రసాదు కారులోనే ఆస్పత్రికెళ్ళాం. వెనకసీట్లో ఇద్దరు రోగులం, మధ్యలో అత్తగారు. ఆవిడ విభూతి ఎవరికి ముందు పెట్టాలో తేలక ఇద్దరికీ చెరో చెయ్యి వాడారు. డాక్టరమ్మ గారు ఇద్దరికీ ఈసీజీ తీయించి, నా కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"తిరిగొచ్చిందండీ. కొందరికి కొన్నేళ్ళకు ఇలా వస్తుంది. అది మీ తప్పూ కాదు, అప్పుడు చేసినవాళ్ళ తప్పూ కాదు. రాకుండా కూర్చోవడం మాత్రం మీ తప్పే. గుండె ఇలా కొట్టుకుంటుంటే లోపల రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం. రెండు నెలలు సోడా తాగుతూ కూర్చున్నారా?"

"జీలకర్ర సోడా అండీ" అన్నాను, అందువల్ల ఏమైనా తగ్గిస్తారేమోనని.

తగ్గించలేదు. రక్తం పలచబడే మాత్ర, గుండె వేగం తగ్గించే మాత్ర రాశారు. కొన్ని వారాలు చూసి, దారికి రాకపోతే చిన్న కరెంటు షాకు, అవసరమైతే మళ్ళీ తీగ అన్నారు. ప్రసాదు ఈసీజీ కాగితం చూసి ఆవిడ నవ్వారు.

"మీ గుండె భేషుగ్గా ఉందండీ. మీది గ్యాసు."

రెండు నెలలు నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్న జబ్బది. అది కూడా ఇతనికే ఇచ్చారు!

ప్రసాదు ఆ వాచీ మళ్ళీ పెట్టుకోలేదు. సగం ధరకు బేరం పెట్టాను. "డబ్బులెందుకండీ అన్నయ్యగారూ, ఉంచేసుకోండి, మీరు బాగుంటే చాలు" అన్నాడు. బేరం లేకుండా వచ్చిన సరుకు నాకు ఇప్పటికీ గొంతులో అడ్డంపడుతోంది. అందులోనూ అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. సుజాత ఆ వాచీని తన ఫోనుకు కలిపేసుకుంది. ఎదురుకొట్టు ముందు జనం మూగితే చాలు, ఇంటినుంచి ఫోనొస్తుంది. "గుండె పరిగెడుతోందేంటి? ఎవర్ని చూసి కుళ్ళుకుంటున్నారు?"

కనుక తణుకు బజారు నడిబొడ్డున, కుడిచెయ్యి గుండెమీద, ఎడమచేతికి వాచీ పెట్టుకుని, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కుర్చీనీ, బొబ్బట్టునీ, రోగాన్నీ చూసి కుళ్ళుకోను. గుండెలో మాట గుండెలో దాచను. డాక్టరమ్మ గారు రమ్మన్న రోజుకు ఒకరోజు ముందే వెళ్ళి గుమ్మంలో కూర్చుంటాను.

ఇక బిల్లు. కొట్టువాణ్ణి గనక దొంగలెక్క రాయను. మిగిల్చినవి ఆరేళ్ళ ఫీజులు. పోయినవి రెండు నెలల నిద్ర, ఇడ్లీపాత్రమీద లాభం, ఇక రోజూ మాత్రల డబ్బు, అత్తవారింట నా మాట. పేము కుర్చీ తిరిగి రాలేదు. గ్యాసున్నవాడికి గాలి ముఖ్యమట. ఆ రెండు నెలలూ ఏమీ తెలియక నా పక్కనే నిశ్చింతగా నిద్రపోయిన సుజాత, ఇప్పుడు మధ్యమధ్య లేచి నా మణికట్టు పట్టుకుని చూసి పడుకుంటోంది. ఆ పద్దుకు ధర వేద్దామని చాలాసార్లు కూర్చున్నాను. వేయలేకపోయాను. బేరమాడకుండా ఆమె అడిగినంతా ఇచ్చేశాను.