ఖాళీ వాగ్దానం

నా చిన్నప్పుడు జనవరి ఒకటో తారీఖున కొత్త గౌను కన్నా ఎక్కువగా మేం ఎదురుచూసేది వాగ్దాన కార్డు కోసం. పామర్రుకు మూడు మైళ్ళ అవతల, కాలువ గట్టున ఉండే మా పేటలో ఆ ఉదయం ఆరాధన ముగిశాక పాస్టరమ్మగారు వెదురుబుట్ట పట్టుకుని వరసల మధ్య నడిచి వచ్చేవారు. బుట్ట నిండా బోర్లించిన కార్డులు. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. దాని మీద లేఖనంలోని మాట ఒకటి రాసి ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. జబ్బు చేసినా, కూలి దొరక్కపోయినా, పరీక్ష తప్పినా ఆ కార్డే దిక్కు.

అచ్చువేసిన కార్డులు కొనే స్థోమత మా చర్చికి లేదు. పాస్టరమ్మగారు ఏడాది పొడుగునా ఊళ్ళోవాళ్ళ పెళ్ళి శుభలేఖలు పోగేసి, ముక్కలుగా కత్తిరించి, వెనక వైపు తన గుండ్రటి అక్షరాలతో రాసేవారు. అందుకని ఒకరి వాగ్దానం వెనక పెళ్ళికొడుకు ఇంటిపేరు, మరొకరి దాని వెనక సగం అరటిచెట్టు ఉండేవి. అవి చూసుకుని మేం నవ్వుకునేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రోజు నేను తీసిన కార్డు ఖాళీగా ఉంది. ఒక్క అక్షరం లేదు. తిప్పి చూస్తే, శుభలేఖలో 'తప్పక రండి' అన్న చోట కత్తెర పడినట్టుంది, ఎర్ర సిరాతో ఒకటే మాట మిగిలింది: 'రండి'.

నన్ను అప్పటిదాకా ఎవరూ రండి అన్న పాపాన పోలేదు. ఇంట్లో 'ఒసేయ్', బళ్ళో 'ఏయ్ పిల్లా', ఆసాముల వాకిట్లో అదీ లేదు, చిటికె వేసి పిలిచేవాళ్ళు. అలాంటి నన్ను ఇంత మర్యాదగా పిలుస్తున్నది ఎవరు? ఎక్కడికి? కార్డు గుప్పిట్లో దాచుకుంటుంటే పక్కింటి అక్క చూసేసింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, "పోయినేడు గంట తాతక్కూడా ఖాళీదే వచ్చిందటే," అంది.

గంట తాత అంటే మా చర్చి వసారాలో వేలాడే రైలుపట్టా ముక్కను ఇనపకడ్డీతో మోగించే ముసలాయన. అంతకుముందు జనవరిలోనే, మంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున, మొహం కడుక్కోవడానికి వెళ్ళి కాలువ రేవులో జారి, నీళ్ళలో పడి చనిపోయాడు. అప్పట్నించీ ఆదివారాలు పాస్టరుగారే మోగిస్తున్నారు. మిగతా రోజుల్లో ఆ కడ్డీ పాస్టరుగారింట్లో తాళం వేసిన పెట్టెలో ఉండేది. అయినా మంచు పట్టిన రోజుల్లో గంట దానంతటదే మోగుతుందని పిల్లలం చెప్పుకునేవాళ్ళం. పగలు చెప్పుకుని, పొద్దుగూకాక ఏడ్చేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా సిగ్గే. మా అమ్మమ్మకు చదువు రాదు. ఎవరో మిషన్ దొరసాని ఇచ్చిన పాత బైబిలు గ్రంథం ఒకటి ఆమె తలగడ పక్కన ఉండేది, రోజూ తెల్లవారగానే నాచేత చదివించుకునేది. ఆ ఏడు ఆమెకు వచ్చిన కార్డులో, నీళ్ళు దాటే వేళ నీకు తోడుంటానని దేవుడు చెప్పిన మాట ఉంది. ఆమె కునుకు తీస్తుండగా గ్రంథం తెరిచి ఆ కార్డు నేను తీసుకుని, నా ఖాళీది అక్కడ పెట్టాను. చదువు రానిదానికి ఏ కార్డయితేనేం అనుకున్నాను. కన్నతల్లి పోయాక నన్ను గుండెల మీద పెట్టుకుని పెంచిన మనిషికి నేను చేసిన మేలు అది.

మర్నాడు పొయ్యి ముందు కూర్చుని ఆమె కార్డు నా చేతికిచ్చింది. "నా వాగ్దానం చదవ్వే," అంది. నేను ఖాళీ అట్టముక్క వైపు చూస్తూ, కంఠతా వచ్చిన మాటను అప్పజెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విని, కార్డును బొటనవేలితో మెల్లగా నిమిరి, అంట్లు తీసుకుని రేవుకు వెళ్ళింది. రోజూ ఇదే వరస. రోజూ చూడగా చూడగా ఆ తెలుపులో ఏవో నీడలు కదిలినట్టుండేది, కార్డు వెనకనున్న 'రండి' నా వేళ్ళకు తగులుతున్నట్టనిపించేది. పిలుపు ఇప్పుడు అమ్మమ్మకు వెళ్ళింది, పంపింది నేనే. ఆమె రేవు నించి వచ్చేదాకా గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని. నిజం చెబుదామంటే కార్డు మళ్ళీ నాకే వస్తుందన్న భయం. చచ్చినా చెప్పకూడదు, అమ్మమ్మ చావకూడదు. తొమ్మిదేళ్ళ బుర్రకు ఆ రెండూ ఒకేసారి పట్టలేదు.

నెలాఖరులో ఒక పొద్దున ఎదుటి ఇల్లు కూడా కనపడనంత మంచు పట్టింది. అమ్మమ్మ నాచేత ఆ అబద్ధం చదివించుకుని రేవుకు వెళ్ళింది. కాసేపు గిన్నెల చప్పుడు వినపడింది, తరవాత ఆగిపోయింది. పిలిచాను. పలకలేదు. వెళ్ళి చూస్తే మెట్ల మీద సగం తోమిన అంట్లు, బూడిద, కొబ్బరిపీచు ఉన్నాయి. మనిషి లేదు.

కాలువ ఏదో, గట్టు ఏదో తెలియడం లేదు. అంతా ఒకటే తెలుపు, అచ్చం ఆ కార్డులాగా. లోపలెక్కడో, నీళ్ళ మీద నించి, ఎవరో "రా, రా" అన్నట్టు వినిపించింది. అమ్మమ్మ గొంతేనేమో అనుకుని ఒక మెట్టు దిగాను. ఇంకో మెట్టు. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. పాచి కింద కాలు జారుతోంది.

అప్పుడు గంట మోగింది. ఒక్కటే దెబ్బ.

ఆ మోత నా చెవుల్లోంచి పోకముందే వెనక నించి ఒక చెయ్యి నా జడ పట్టుకుని గట్టు మీదికి లాగింది. అమ్మమ్మ. రెండో చేతిలో సత్తు గిన్నె ఉంది. అది తేలిపోతుంటే కింది రేవు దాకా దాని వెంట పోయిందట. గంట విని, అది బడి గంటనుకుని, నన్ను పంపే వేళయిందని గబగబా వెనక్కి వచ్చిందట. నేను ఆమె కాళ్ళు చుట్టేసుకుని అంతా కక్కేశాను. కార్డు మార్చిన సంగతి, అబద్ధపు చదువు, వెనకున్న మాట, గంట తాత, నీళ్ళ మీద పిలిచిన గొంతు, అన్నీ.

ఆమె తిట్టలేదు. చెంగుతో నా కాళ్ళు తుడిచి, "మార్చావని ఆ మర్నాడే తెలుసే," అంది. "నా కార్డు మూల నేను మడిచి పెట్టుకుంటా. ఇది మడతలేంది. పిల్లకి బయమేసినట్టుంది, నాకాడే ఉండనీలే అనుకున్నా."

ఖాళీ కార్డు దగ్గరుంచుకోవడానికి భయం వేయలేదా అని అడిగాను. ఆమె నవ్వింది. "నాకన్నీ ఖాళీ కార్డులేగదే పిచ్చిదానా. చదువుకున్నోళ్ళకి రాత కనపడుద్ది. నేను రాత ఎరగను, రాసినోణ్ణి ఎరుగుదును. ఇన్నేళ్ళూ ఆయన్ని నమ్ముకునే ఏరు దాటా."

తరవాత ఆ కార్డు వెనక మాట ఇంకోసారి చదవమంది. చదివాను. ఆమె కార్డు నా చేతిలోంచి తీసుకుని గ్రంథంలో పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఊడుపులకీ కోతలకీ వెళ్ళిన మనిషి, ఆసామి పిల్లలు కూడా 'ఏమే' అని పిలిచే మనిషి. కళ్ళనిండా నీళ్ళతో, "మనల్ని పట్టుకుని 'రండి' అనేది ఇంకెవరే, ఆయన తప్ప?" అంది. "దయ్యాలు మర్యాదివ్వవే. పుస్తకంలో ఎతుకు, ఉంటది."

ఆ రోజు నించి వెతకడమే నా పని అయింది. రోజుకో పుట చొప్పున పొయ్యి వెలుగులో ఆమెకు చదివి వినిపించాను. వేసవి సెలవుల్లో దొరికింది. అలసిపోయినవాళ్ళను, బరువు మోసేవాళ్ళను ప్రభువు పిలిచే చోట ఆ మాట ఉంది. ఆమె నా వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టించుకుంది. 'రం' మీద ఒకసారి, 'డి' మీద ఒకసారి. జీవితంలో ఆమె గుర్తుపట్టడం నేర్చిన మాట అదొక్కటే.

గంట ఎవరు కొట్టారో మాత్రం తెలియలేదు. ఆ పొద్దున పాస్టరుగారు బెజవాడలో ఉన్నారు, కడ్డీ తాళం వేసిన పెట్టెలోనే ఉంది. అమ్మమ్మను అడిగితే, "ఎవరు కొడితే ఏంటి, యేళకి కొట్టారుగా," అంది.

ఆమె ఆ తరవాత పందొమ్మిదేళ్ళు బతికింది. ఇప్పుడు నేను బెజవాడలో, మా అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మనవరాలికి ఏటా వాగ్దానం వాట్సాప్‌లో వస్తుంది, పూల బొమ్మలతో. నాకూ పంపుతుంది. చదువుకుంటాను, బాగుంటుంది. కానీ డాక్టరు రిపోర్టు తెరవాల్సిన రోజున, కిటికీ అవతల కృష్ణ మీద మంచు కమ్మి ఏమీ కనపడని రోజున, నా చెయ్యి ఫోను దగ్గరికి పోదు. అమ్మమ్మ గ్రంథంలో ఇప్పటికీ ఉన్న ఆ ఖాళీ అట్టముక్క తీసి, ఆమెలాగే కళ్ళు మూసుకుని బొటనవేలితో నిమురుతాను. భయం వేస్తుంది. ఎందుకు వేయదు? అయినా ఒసేయ్ అనిపించుకుని పెరిగినదాన్ని, నన్ను అంత మర్యాదగా పిలిచింది ఎవరో నాకు తెలుసు.