భూమయ్య కొట్టిన గోలు

భూమయ్య సెంట్రింగ్ మేస్త్రి. మస్కట్ పక్కన ఘాలాలో కంపెనీ క్యాంపులో ఉండేవాడు. మస్కట్‌లో పెద్ద హోటళ్ళకూ వంతెనలకూ కాంక్రీటు పోసే ముందు చెక్కలు కట్టిన చేతులు అతనివి. ఇసుక మోసినవాడు కూడా టాక్సీలోంచి వేలు చూపించి "ఆ బిల్డింగు నేను కట్టిందే" అనే ఊరు ఇది. భూమయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాది అని అతను చెప్పుకోవాలనుకున్నది ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది ఒక గోలు.

నేను చదివింది ఐదో తరగతి. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినదంతా మస్కట్‌లోనే రూవి పేటలో నా మెస్సులో శుక్రవారం పూట వడ్డిస్తూ విన్నదే. అదేమీ తక్కువ కాదు. పెద్ద చదువులు చదివినవాళ్ళ కంటే ఎక్కువ విన్నాను. గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో డిగ్రీ కాలేజీ ఉంది. అందులో చదివీ చదవకుండా ఒమాన్ చేరిన వాళ్ళంతా జుమ్మా నమాజు అయ్యాక మా ఇంటికొస్తారు. హిందువులూ వస్తారు, మావాళ్ళూ వస్తారు. అందరికీ పిన్నినే, ఖాలా అనే పిలుస్తారు. బగారా అన్నం, దాల్చా, మటన్ కూర. ఇవన్నీ ఉన్నా ఆ కాలేజీ జట్టు మాట లేకపోతే వాళ్ళకు ముద్ద దిగదు. ఊళ్ళో ఇప్పటి పిల్లలు ఆడిన ఆట ఫోనులో వస్తుంది. తలకాయలన్నీ ఒకచోట పెట్టి చూస్తారు, తిడతారు. "ఈ పోరలకు కాళ్ళే లేవు, మన కాలంల..." అని మొదలుపెడతారు. మన కాలం అంటారు గానీ, అన్నవాళ్ళలో ఒక్కడూ ఆ జట్టులో ఆడినవాడు కాదు. అందరికంటే గట్టిగా అరిచేది కంపెనీ బస్సు తోలే దస్తగిర్. అతని ఆటంతా కాలేజీ గోడ మీద కూర్చుని ఆడిందే.

నిజంగా బూట్లు కట్టుకుని మైదానంలో దిగినవాడు ఆ గదిలో భూమయ్య ఒక్కడే. వాళ్ళు ఎగతాళి చేసేది కూడా అతన్నే.

ముప్పై ఏళ్ళు దాటింది ఆ సంగతి జరిగి. జిల్లా కాలేజీల పోటీల్లో వాళ్ళ జట్టు ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ వాళ్ళ ఊళ్ళోనే. ఊరంతా గోడలెక్కి, చెట్లెక్కి చూసింది. చివర్లో పెనాల్టీ దొరికితే కొట్టడానికి భూమయ్య వెళ్ళాడు. బంతి గోలు పైకర్ర మీదుగా పోయింది. కప్పు పోయింది. అంతే కథ. దాన్ని వీళ్ళు ముప్పై ఏళ్ళు నమిలారు.

"ఖాలా, భూమన్న ప్లేటు జర దూరం పెట్టు. కాలు తాకిందంటె గోడ అవతల పడ్తది" అనేవాడు దస్తగిర్.

"అన్నా, ఆ బాలు ఇంక కింద పడలేదంట గద. మొన్న డ్యూటీకి పోతుంటె మస్కట్ మీదికెళ్ళి పోతున్నట్టు కనబడ్డది నాకు" అనేవాడు ఇంకొకడు.

అందరూ నవ్వేవాళ్ళు. భూమయ్య కూడా నవ్వేవాడు. అతని నవ్వు మాత్రం వాళ్ళ నవ్వు కంటే ఒక్క క్షణం ముందే మొదలయ్యేది. దెబ్బ పడేముందే చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. నేను గరిటె ఎత్తి, "ఏం రా దస్తగిరీ, గోడ మీద కూసోని కూసోని ముడ్డి అరిగింది గానీ నువ్వు తన్నిన బంతి ఒక్కటి చూపించు, చూస్తా" అనేదాన్ని. ఆ పూటకు ఊరుకునేవాళ్ళు. మళ్ళీ శుక్రవారం మళ్ళీ అదే.

వాళ్ళు నెత్తిన పెట్టుకునే ఆటగాడు వేరే ఉన్నాడు. అతని పేరు ఆంజి. అదే జట్టులో ముందు వరసలో ఆడేవాడు. ఫైనల్ అయిన మరుసటి ఏడే లారీ కింద పడి పోయాడు. పోయినప్పటి నుంచీ అతని గోల్స్ పెరుగుతూనే ఉన్నాయి. బతికున్నవాడు ఆడింది జనం మర్చిపోతారు, పోయినవాడు ఆడనిది కూడా గుర్తుపెట్టుకుంటారు. ఆంజి తమ్ముడు గంగాప్రసాద్ కూడా మా మెస్సుకే వస్తాడు. కంపెనీలో స్టోర్ చూస్తాడు, మంచివాడు, నోట మాట గట్టిగా రాదు. ఫోను తెరిస్తే అన్న ఫోటోనే కనపడుతుంది. ఊళ్ళో అతని తల్లి చిన్నవ్వ మంచంలో ఉంది, చూపు పోయింది. ఫోనులో కొడుకుతో మాట్లాడినా పెద్ద కొడుకు ముచ్చటే అడుగుతుందట.

వెళ్ళిపోయే ముందు వారం భూమయ్య ఒక సాయంత్రం ఒంటరిగా మా ఇంటికొచ్చాడు. వంటింటి అల్మారా తలుపు ఊగుతోంది, బిగించి పోతానన్నాడు. పనిలో ఉండి, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఖాలా, పై శుక్రవారం నాకు ఆఖరిది. వీసా క్యాన్సిల్ చేసుకున్న. మోకాళ్ళు ఇంక సైట్ మీద నిలబడనిస్తలేవు. సహం నుంచి జావెద్‌ను పిల్చిన."

"జావెద్ ఎవరు నాయనా?"

"మా గోల్‌కీపర్. ఆడ దర్జీ దుకాణం పెట్టుకున్నడు. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న రూవికి రాలె. బతిమాలిన, వస్తనన్నడు." స్క్రూడ్రైవర్ ఆపి నా వైపు తిరిగాడు. "ఫైనల్‌కు ముందుగాల సెమీఫైనల్ గెలిచినం గద ఖాలా, ఆదిలాబాద్‌ల. ఒకటి సున్న. గా ఒకటి నేను కొట్టిన."

"మరి ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు? చెప్పకపోయినావా?"

"చెప్పిన. వచ్చిన కొత్తల చెప్పిన. పెనాల్టీ కొట్టరానోడు సెమీఫైనల్‌ల గోల్ కొట్టిండంట అని దస్తగిర్ కడుపు పట్టుకొని నవ్విండు. మళ్ళ చెప్పలె. గా దినం వాన. మా ఊరోళ్ళు ఒక్కలు రాలె. ఆట నేర్పిన సారు గూడ చచ్చిపోయె. సూసినోడు ఈ దేశంల జావెద్ ఒక్కడే."

తలుపు ఒకసారి తెరిచి మూసి చూసుకున్నాడు.

"నేను పోయినంక గూడ వీళ్ళు నన్ను తల్సుకుంటరు ఖాలా. పెనాల్టీ తోని తల్సుకోనీ, నాకేం లేదు. దాని పక్కకు గిది ఒక్కటి ఉంటె సాలు."

ఆ శుక్రవారం నేను రెండు కూరలు ఎక్కువే చేశాను. జావెద్ వచ్చాడు. పొడుగ్గా, పల్చగా, కళ్ళద్దాలు. వచ్చీ రాగానే భూమయ్యను వాటేసుకుని ఏడ్చాడు. దస్తగిర్ కూడా ఆ పూట కాస్త మర్యాదగానే ఉన్నాడు. జట్టులో ఆడిన ఇంకో మనిషిని చూసేసరికి గోడ మీద కూర్చున్నవాళ్ళందరికీ భక్తి పుట్టుకొచ్చింది. ఒక్కొక్కరూ అడగడం, జావెద్ చెప్పడం. ఎవడు కాలు విరగ్గొట్టుకున్నాడు, ఎవడు ఆట మధ్యలో పొలం పనికి పారిపోయాడు, అన్నీ వచ్చాయి. భూమయ్య అన్నం కలుపుతున్నాడు గానీ తినడం లేదు. చివరికి అతనే అడిగాడు. గొంతు మామూలుగా పెట్టాలని చూశాడు, నాకు తెలుస్తూనే ఉంది.

"జావెద్, ఆదిలాబాద్ యాదున్నదా? సెమీఫైనల్?"

"ఎందుకు లేదు! ఏం వాన యార్ అది! నా గోల్‌లనైతే మోకాలి దాక నీళ్ళు."

"గోల్ యాదున్నదా?"

"గోల్ ఎట్ల మర్చిపోత?" జావెద్ చెయ్యి తుడుచుకుని గంగాప్రసాద్ భుజం మీద వేశాడు. "మీ అన్న కొట్టిండు. ఆంజి. నేను ఈ చివరకున్న, వాళ్ళు ఆ చివరకు. వానల మొఖాలు కనపడ్తలేవు. అందరు ఆంజిని భుజాల మీదికి ఎత్తిన్రు. నా కండ్లతోటి సూసిన."

భూమయ్య చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"ఒక్కసారి మంచిగ యాది చేసుకో జావెద్" అన్నాడు మెల్లగా.

"అరే, ఖుదా కసమ్ భూమన్నా. ఆంజే. ఆంజి గాక ఇంకెవడు కొడ్తడు?"

భూమయ్య ఇంకో మాట అనబోయాడు. ఈలోపే గంగాప్రసాద్ లేచి నిలబడ్డాడు. ఎంగిలి చేత్తోనే ఫోను తీశాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఇది అవ్వకు తెల్వదు. అవ్వకు ఈ గోల్ తెల్వనే తెల్వదు" అంటూ ఊరికి కలిపాడు. వాళ్ళ వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. గదంతా వినబడేలా పెట్టాడు.

"అవ్వా, అన్న ఆదిలాబాద్‌ల గోల్ కొట్టిండంట! సెమీఫైనల్ అన్న వల్లనే గెలిచిన్రంట! గోల్‌కీపర్ చెప్తున్నడు."

సన్నటి గొంతు వచ్చింది. "ఏ గోలు బిడ్డా? నాకెవ్వలు చెప్పకపోయిరి. పక్కకు ఎవలెవలున్నరు?"

"జావెదన్న ఉన్నడు, భూమన్న ఉన్నడు..."

"భూమడా? నా ఇంట్ల మక్కరొట్టె తిని ఆటకు పోయేటోడు గద. అరే భూమా, ఆ పిలగాడు గోల్ కాడ నిలబడ్తుండె, దూరమాయె. నువ్వు మావోని పక్కపొంటి ఉరికేటోనివి. నువ్వు చెప్పు బిడ్డా. ఎట్ల కొట్టిండు?"

 గంగాప్రసాద్ ఫోను తెచ్చి భూమయ్య మొహం ముందు పెట్టాడు. నేను గరిటె కింద పెట్టి నోరు తెరిచాను. భూమయ్య నా వైపు చూశాడు. ఆ చూపుకు నా నోరు మూతబడింది. నా నోరు మూయించిన మగవాడు అంతకుముందు పుట్టలేదు.

"వాన కొడ్తుండె అవ్వా" అన్నాడు భూమయ్య. "మైదానం చెరువు లెక్కుండె. బాలు ఉరుకుత లేదు, నీళ్ళల్ల ఆగిపోతున్నది. వాళ్ళోడు ఒకడు జారి పడ్డడు. బాలు ముంగటనే ఉన్నది. కొడ్దామంటె బురదల బూటు ఇరుక్కొని ఊడిపోయె. ఇంక బూటు సూసుకుంట కూసుంటె ఎట్లైతది? వట్టి కాలు తోనే కొట్టిండు. ఎడమ కాలు. బాలు నీళ్ళు తాగి బియ్యం మూట లెక్కున్నది అవ్వా. బొటనేలు సుర్రుమన్నది, సుర్రున నెత్తి దాక పాకింది..." ఒక్క క్షణం ఆగాడు. "పాకిందని చెప్పిండు వాడు. బాలు మెల్లగ పోయింది. ఉరకలె, జారుకుంట పోయింది. గోల్ లైన్ మీద ఆగుతదా ఏంది అనుకున్నం. ఆగలె. లోపలికి పోయింది."

"కాలు నొచ్చిందా బిడ్డా వానికి?"

"గోల్ అయినంక ఏం నొప్పి అవ్వా."

 తర్వాత ఆ ముసలిది అడిగింది. "మరి నాకెందుకు చెప్పలేదురా వాడు? ఇంటికొచ్చి పూస గుచ్చినట్టు అన్ని చెప్పేటోడు. గిది ఎందుకు దాసిండు?"

జావెద్ తల ఎత్తాడు. దస్తగిర్ కూడా భూమయ్యనే చూశాడు.

"ఫైనల్ గెల్సినంక రెండు కలిపి చెప్త అన్నడవ్వా."

"గెల్వకపోతిరి గద."

"గెల్వలె. నా పెనాల్టీ పైకెళ్ళి పోయె."

ఆ మాట ఆ గదిలో ఎన్నిసార్లు పుట్టిందో, పుట్టిన ప్రతిసారీ నవ్వు పుట్టింది. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

"పోనీ తీ బిడ్డా. ఆటనే గద" అంది చిన్నవ్వ.

భూమయ్య తల వంచుకున్నాడు. అన్నం ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు.

అందరూ గంగాప్రసాద్ చుట్టూ చేరినప్పుడు భూమయ్య చెయ్యి కడుక్కుని మెట్ల మీదికి పోయాడు. నేను వెనకే పోయాను. నాకు ఒళ్ళు మండుతోంది.

"ఏమయ్యా, నోరు లేదా నీకు? నీది నువ్వు ఇంకొకరి చేతిలో పెట్టినావే! పోతాపోతా ఈ పని ఎందుకు చేసినావు?"

"ఏమనాలె ఖాలా? మీవాడు కొట్టలె, నేను కొట్టిన అని కండ్లు లేని ముసలవ్వకు చెప్పాల్నా?"

"మరి నీ గతి?"

అతను మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఆ గోల్ ఎవరికన్న చెప్దామని సూసిన. ఇయ్యాల చెప్పిన. వాన నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పిన. ఒక్కడు నవ్వలె. అందరు విన్నరు. పేరొక్కటే నాది గాదు." తర్వాత మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఏడ్చాడో లేదో నేను చూడలేదు. కొన్ని చూడకూడదు.

ఆదివారం విమానమెక్కాడు. ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. ఎప్పుడైనా ఫోను చేస్తాడు, మోకాళ్ళ మందు గురించి చెప్తాడు, అల్మారా తలుపు సరిగ్గా ఉందా అని అడుగుతాడు. ఫుట్‌బాల్ మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

ఇక్కడ శుక్రవారాలు మామూలే. ఆదిలాబాద్ గోలు ఇప్పుడు ఆంజి గోల్స్‌లో అన్నిటికంటే పెద్దది. వీళ్ళ నోళ్ళలో పడి అది రోజుకో రకంగా తయారవుతోంది. ఒకడు ఇద్దరిని దాటించాడంటాడు, ఇంకొకడు నలుగురిని. బూట్లు కాళ్ళకే ఉన్నాయి. వాన ఎప్పుడో ఆగిపోయింది. పోయిన శుక్రవారం గంగాప్రసాద్ తల్లికి ఫోను చేసి, ఆమె అడిగితే అదే చెప్తున్నాడు. ముసలిది మధ్యలో ఆపింది.

"గట్ల గాదు బిడ్డా. వాన మర్సినవ్. బూటు ఊడింది. వట్టి కాలు తోని కొట్టిండు, బొటనేలు సుర్రుమన్నది, నెత్తి దాక పాకింది. భూమడు గట్ల చెప్పిండు. సరిగ్గ చెప్పు."

గంగాప్రసాద్ మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. దస్తగిర్ మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాసేపటికి నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఖాలా... ఆంజి వేలు నొచ్చిన సంగతి భూమన్నకు అంత బాగ ఎట్ల తెల్సు?"

నేను అతని పళ్ళెంలో అన్నం వడ్డించాను.

"తిను" అన్నాను. "చల్లారిపోతుంది."