తపసుకాలం గుడ్లు

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి ఒక్కటే, మా కృష్ణా జిల్లా కింది ఊళ్లలో పాత కతోలిక గుళ్లు చూసి రావడం. గొడుగు, మంచినీళ్ల సీసా పట్టుకుని బందరులో బస్సెక్కేస్తాను. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆదివారం పూజకి లేపితే లేవని మనిషి, ఇప్పుడు బుధవారాలు కూడా గుళ్లు తిరుగుతున్నాడు" అని మా ఆవిడ చుట్టాలకి చెప్పి నవ్వుతుంది. గుడివాడ అవతల ఒక పల్లెలో గుడి ముందు ధ్వజస్తంభం, దాని కొసన సిలువ, గోడ మీద తామరపువ్వులో నిలబడ్డ మరియమ్మ తల్లి. పెడన దగ్గర ఇంకో గుడిలో బలిపీఠం మీద పరిచే గుడ్డకి కలంకారీ అద్దకం. ద్రాక్షతీగ అద్దమంటే ఆ పనివాడు తనకి చేతనైన మామిడి పిందెలే అద్దాడట, దేవుడు కూడా ఏమీ అనుకున్నట్టు లేడు. ఇలా ఫోటోలు తీసుకుంటూ, తలుపుల కొలతలు పుస్తకంలో రాసుకుంటూ ఎక్కడెక్కడో తిరిగాను గానీ నాగాయలంక వైపు మాత్రం వెళ్లలేదు. అక్కడ మా అమ్మ పుట్టిన ఊళ్లో ఒక గుడి ఉంది. మొన్న తపసుకాలంలో ఆ ఊరి ఫాదర్ గారు ఫోన్ చేసి, "ఈస్టర్ అవగానే గుడి పడగొట్టేస్తున్నామండీ. మీరు పాత గుళ్లు చూస్తారట గదా, ఒకసారి వచ్చి వెళ్లండి" అన్నారు. ఇక తప్పలేదు.

ఆ గుడికి సున్నం మేస్త్రి మా మావయ్య, అమ్మకి తమ్ముడు. ఈస్టర్ ముందు నలభై రోజుల తపసుకాలంలో మా వాళ్లు మాంసం ముట్టరు, గుడ్డు తినరు. కోళ్లకి ఆ సంగతి తెలియదు కదా, అవి పెడుతూనే ఉండేవి. ఆ గుడ్లన్నీ ఆడవాళ్లు కొంగుల్లో పెట్టుకొచ్చి గుడి మెట్ల మీద బుట్టలో ఉంచేవాళ్లు. గానుగలో తిప్పిన సున్నంలో మావయ్య బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, పైపూతకి ఆ గుడ్ల తెల్లసొన కొట్టి పోసేవాడు. పెచ్చులూడిన చోటల్లా పూసి, నున్నటి రాయితో చేతులు పడిపోయేదాకా రుద్దేవాడు. ఈస్టర్ పొద్దున రంగుటద్దాల కిటికీల్లోంచి ఎండ పడితే ఆ గోడలో మన మొహం మనకి కనపడేది. పచ్చసొన ఏమైపోయేదో ఎవరూ అడిగేవాళ్లు కారు గానీ, తపసుకాలం అయ్యేసరికి ప్రార్థనలు నేర్పే ఉపదేశి గారి కుక్క మాత్రం నిగనిగలాడుతుండేది. ఊరంతా నోరు కట్టుకుని గోడకి తినిపించేది.

నేను ఓవర్సీరునైన కొత్తలో గుడికి జూబిలీ వచ్చింది. బిషప్ గారు వస్తున్నారని ఊళ్లో ఒకటే హడావిడి. సభ పెట్టి, చదువుకున్నవాణ్ణని నన్ను సలహా అడిగారు. "ఈ రోజుల్లో కూడా సున్నం ఏమిటండీ! సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, లోపల ఛాతీ ఎత్తున టైల్స్ వేయించండి. మీ మనవల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాను. వెనక బెంచీ మీంచి మావయ్య లేచాడు.

"అల్లుడూ, మనది ఉప్పు నేలరా. గోడ కింద నుంచి నీళ్లు తాగుద్ది, ఎండకి కక్కేసుద్ది. సిమెంటు పూస్తే దాని ముక్కూ నోరూ మూసినట్టే."

నేను నవ్వాను. ఓవర్సీరు నవ్వాడని సభంతా నవ్వింది. గోడలకి సిమెంటే పూయించారు. ఆ ఏడు నుంచి మావయ్య తాపీ పక్కన పెట్టి చెరువు గట్ల మీద కూలికి వెళ్లాడు. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఫాదర్ గారు పిలిచాక మొన్న వెళ్లి బస్సు దిగి దూరం నుంచి చూస్తే గంట గోపురం నిటారుగానే ఉంది. చుట్టూ పొలాలుండాల్సిన చోట రొయ్యల చెరువులు. లోపలికి వెళ్తే టైల్స్ పైన గోడంతా ఉప్పు పొంగి తెల్లగా పూసింది. వేలితో కొడితే డొల్ల. ఒక టైలు ఊడి చేతిలోకి వచ్చింది, దాని వెనక ఇటుక పిండిలా నా చెప్పుల మీద రాలింది. "ఎవరో తెలిసీ తెలియనివాళ్లు సిమెంటు కొట్టించారటండీ. దాంతోనే పోయిందన్నారు ఇంజనీర్లు" అన్నారు ఫాదర్ గారు.

"నేనేనండీ" అన్నాను.

కుర్ర ఫాదర్, పాపం ఇబ్బంది పడిపోయారు. "పాతది కదండీ, కాలం తినేసింది లెండి" అన్నారు. మళ్లీ సున్నంతో బాగుచేయలేమా అని అడగడానికే అంతదూరం వచ్చాను. అడగలేదు. చుట్టుపక్కల గానుగ లేదు, మేస్త్రి లేడు, ఉన్నా పూయడానికి గోడ లేదు.

బయటికొస్తే మెట్ల మీద మా అత్తయ్య, మావయ్య భార్య, కొంగు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. "ఏటా ఒక గుడ్డు తెస్తారండీ, వద్దనలేక తీసుకుంటాం" అని ఫాదర్ గారు నెమ్మదిగా చెప్పారు. అత్తయ్య నన్ను పోల్చుకుని, "నువ్వా అల్లుడూ? ఇదిగో, గోడకి" అని గుడ్డు నా చేతిలో పెట్టింది.

"గుడి పడగొట్టేస్తున్నారత్తయ్యా."

"తెలుసు. పడేదాకా గోడ గోడేగా" అంది.

ఒక్క ఫోటో కూడా తీయకుండా, గుడ్డు రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాను. అది మా వంటింట్లో గిన్నెలో ఉంది. తినలేను, పారేయలేను. కాలం తినేసిందని ఫాదర్ గారు మర్యాదకన్నారు. కాలం ఆ గోడనేమీ చేయలేదు, చేసింది నేను. కాలం చేసిందల్లా, నా చేతిపని నా కళ్లతో చూసేదాకా నన్ను ఉంచడమే.