దాఖలా సారు సన్మానం

ఆ రోజుల్లో కాలేజీలో సీటు దొరకడం కష్టం కాదు. కాలేజీ గుమాస్తా మనిషిగా మిగలడమే కష్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను కరీంనగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇరవై రెండేళ్ల వయసు, దానికి తోడు సాహిత్యాభిమానమనే రోగం. ఎండలు ఇంకా తగ్గకముందే, డిగ్రీకి ముందు చదివే పీయూసీకి దరఖాస్తులు మొదలయ్యేవి. ధర్మపురి నుంచీ, సిరిసిల్ల నుంచీ, అడవి దారులు దాటి ఉట్నూరు నుంచి కూడా తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొని దిగేవారు. 'సారూ, గీడ సంతకం ఎవలు పెట్టాలె?' అన్న ఒక్క ప్రశ్నకే పొద్దస్తమానం జవాబు చెప్పి చెప్పి, సాయంత్రం ఎవరైనా నా పేరడిగినా 'తండ్రి లేదా సంరక్షకుడు' అనేటంత స్థితికి వచ్చేవాణ్ణి.

నా పక్క కుర్చీ మా హెడ్ గుమాస్తాది. ఆయన్ని అందరూ దాఖలా సారు అనేవారు. కాలేజీలో చేరడాన్ని పాత ఉర్దూ అలవాటు కొద్దీ ఆయన 'దాఖలా' అనేవారు. ఆ మాటే ఆయన పేరైపోయింది. నిజాం కాలంలో హైస్కూలు గుమాస్తాగా ఉన్నప్పుడే, హైదరాబాదు పోయి చదవాలనుకున్న పిల్లలకు దరఖాస్తులు రాసిపెట్టేవారట. ఊరికే ఫారం చేతికిచ్చి పంపడం ఆయనకు చేతకాదు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఇంట్లో ఏం పని చేస్తావు, ఏ పుస్తకం తెరిస్తే నిద్ర రాదు అని అడిగి అడిగి, అప్పుడు ఏ గ్రూపులో చేరాలో చెప్పేవారు. ఒక్కొక్కరికి అరగంట. (వెనక వరుసలో నిలబడ్డవాళ్ల తిట్లు మాత్రం నాకు.)

ఆయన పదవీ విరమణ సరిగ్గా దరఖాస్తుల ఆఖరి రోజున పడింది. ఆ సాయంత్రమే హాల్లో సన్మానమన్నారు ప్రిన్సిపాల్ గారు. సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. నాలుగు రోజులు నిఘంటువు ముందేసుకొని, 'విద్యార్థిజన చకోర పూర్ణచంద్రా!' అని మొదలుపెట్టి, పెద్ద కాగితం నిండా ఎర్ర సిరాతో, నల్ల సిరాతో నింపాను. దాఖలా సారు మీద ప్రేమ లేదని కాదు గానీ, ముఖ్య అతిథిగా వచ్చే పెద్ద అధికారి నా భాష వినాలన్నదే అసలు కోరిక. గడువు ఐదు గంటల దాకా ఉన్నా, శ్రోతలు తగ్గకూడదని నాలుగింటికే ఆఫీసుకు తాళం వేయించిన ఘనుణ్ణి కూడా నేనే. ఆ తాళంచెవి జేబులో వేసుకొని అటెండరు మిరపకాయ బజ్జీలు తేవడానికి బజారుకు పోయాడు.

సభ మొదలై, దండ పడి, శాలువా పడి, నేను రెండో 'చకోర' దగ్గర ఉండగా గుమ్మంలో ఒక నేత పనివాడు, ఆయన కూతురు నిలబడ్డారు. ఇద్దరూ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు.

"సారూ, గీ కాయితం ఎవలికియ్యాలె? నడుమల బస్సు ఖరాబైంది. ఆఫీసు చూస్తే తాళమేసి ఉన్నది" అన్నాడాయన.

"జర ఆగుండ్రి, సభ నడుస్తున్నది" అన్నాను, కళ్లెర్రజేసి.

దాఖలా సారు గోడ గడియారం చూశారు. ఐదుకు ఇరవై నిమిషాలుంది. మెడలో దండతోనే వేదిక దిగి, ఫారం అందుకున్నారు.

"ఆర్ట్సు అని ఉన్నది. ఎవలు రాసిన్రు బిడ్డా?"

"మా ఊరి పంతులు రాసిండు. ఆడపిల్లకు గదే మంచిదన్నడు" అన్నాడు తండ్రి.

"మరి నీకేమిష్టం?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. తండ్రే అందుకున్నాడు. "దానికి లెక్కలంటే పానం సారూ. మగ్గం మీద పోగుల లెక్క నేను తప్పుత గని, అది తప్పది."

"గా ముచ్చట కాయితం మీద లేకపాయె!" అంటూ సారు నా వైపు చెయ్యి చాచారు. గ్రూపు మార్చాలంటే విడిగా అర్జీ కావాలి. తెల్లకాగితాలన్నీ తాళం వెనకాల ఉన్నాయి. "గదిటియ్యి తమ్మీ."

"సార్, ఇది మీ సన్మాన పత్రం!"

"ఎరుకే. ఎనుక ఖాళీగనే ఉన్నది గద."

చకోరాలు బోర్లా పడ్డాయి. ఆ అమ్మాయి అతిథుల బల్ల మీదే ఒంగి, గణితం గ్రూపు కోరుతూ తన చేతి రాతతో అర్జీ రాసింది. మార్కుల నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదని చూసి, సారు దాన్ని తిన్నగా ముఖ్య అతిథి ముందు పెట్టారు. ఆయన నవ్వుకుంటూ సంతకం చేశారు. ప్రిన్సిపాల్ గారు పక్కనే కూర్చొని 'చేర్చుకోవచ్చు' అని రాశారు. ఈ సందట్లో నేను పత్రంలో మిగిలింది కంఠతా చెబుదామని గొంతు సవరించుకొని, మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఐదు కాకముందే పని పూర్తయింది. హాలంతా చప్పట్లు. నాకు కాదు.

అందరూ పోయాక సారు దండ తీసి పక్కన పెట్టి, గోడకు చేరగిలబడ్డారు. ఆయన ముఖం అంతగా వాడిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"పానం అలిసింది తమ్మీ" అన్నారు. "నేనేం చదువు చెప్పలే. ఏ తలుపు కొట్టాల్నో చూపెట్టిన, గంతే. గని తప్పు తలుపు చూపెడితే ఆ పోరని బతుకంత పరేషాన్. ఇన్నేండ్లు గా ఫికర్‌తోనే సరిగ నిద్ర పోలే." కళ్లు మూసుకొని, "ఏదో రాసినవు గద, చదువు, వింట" అన్నారు.

పత్రం దరఖాస్తుతో పాటు ఫైలుకెక్కింది. "యాదికి లేదు సార్" అన్నాను. ఆయన కళ్లు మూసుకొనే నవ్వారు.

మరుసటి ఏడు ఆయన కుర్చీ నాదైంది. మొదటి రోజు ముందుకొచ్చిన పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఎంతో గంభీరంగా, "ఏ పుస్తకం తెరిస్తే నిద్ర రాదు?" అని అడిగాను. "నీకెందుకన్నా? ఫారమియ్యి, బస్సు పోతది" అన్నాడు వాడు. అప్పుడు చాలా కోపమొచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది. మీసం కూడా సరిగా రాని నా ముఖం చూసి ఎవరు మాత్రం మనసు విప్పుతారు? నాకు తల నెరిసేదాకా, పాపం, ఏ పుస్తకమో ఒక్కరూ చెప్పలేదు.