శ్రుతి దించిన పాపం

బళేపేట రంగమ్మగారు ఇక లేరన్న వార్త మొన్న శుక్రవారం ఉదయం చెవిన పడినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ముప్పై ఏండ్లు మా పేట ఆడపిల్లలకు సంగీత విద్యాదానం చేసిన ఆ పుణ్యమూర్తి కాలధర్మం చెందలేదు. మా అందరి మర్యాదలూ కలిసి ఆమెను చంపాయి.

ఆమె మెడమీద గళగండం నాకు ఊహ తెలిసినప్పటినుండి ఉంది, నిమ్మకాయంత. దాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు. కొత్త పిల్లలు అదేపనిగా చూస్తే, "చూసినారు కదా, ఇంక పుస్తకం చూడండి" అనేవారు. యుద్ధకాలంలో బియ్యానికి బారులు తీరిన రోజుల్లో కూడా ఆమె ఒక్క పాఠం మానలేదు.

విద్య దగ్గర ఆమెకు దాక్షిణ్యం లేదు. ఒక శ్రీరామనవమి పందిట్లో పేరుగన్న విద్వాంసుడు అపశ్రుతి పాడుతుంటే, అందరూ తలలూపుతుండగా ఆమె ఒక్కరే లేచి వచ్చేశారు. మాకు నిత్యం చెప్పే మాట ఒకటే: "శ్రుతి తప్పితే మొగమాటం వద్దే. తప్పింది నేనైనా సరే, చెప్పల్ల."

చెప్పామా? నిరుడు దసరా తరువాత ఆమె గొంతు బొంగురుపోయింది. శ్రుతిపెట్టె వాయించేదాన్ని నేను. పై షడ్జం అందక గురువుగారు అవస్థపడుతుంటే చూడలేక, అడగకుండానే శ్రుతిని ఐదున్నరనుండి ఐదుకు దించాను. నెల తిరగకుండా నాలుగుకు, ఆపైన మూడుకు. తోటి శిష్యురాండ్రు నా గురుభక్తిని మెచ్చుకున్నారు. ఆ భక్తిని తగలెయ్య! అటు గడ్డ నారింజకాయంత అయి రాయిలా గట్టిపడుతూనే ఉంది.

గడ్డ పెరుగుతోందని ఆమె అన్నగారితో అంటే విసుక్కున్నారు. "ఇరవై ఏండ్లుగా ఉండాదమ్మా అది. ఇన్నాళ్లూ ఏమీ చెయ్యనిది ఇప్పుడేం చేస్తాది?" పేట వైద్యుడు చెయ్యి పెట్టయినా చూడకుండా ఐయోడిన్ పూత రాసి పంపాడు. పాతదైతే నమ్మవచ్చునట!

ఆఖరి పాఠంనాడు ఆమె నన్ను దగ్గరికి పిలిచి, గాలి మాత్రమే మిగిలిన గొంతుతో అడిగారు: "ఏ శ్రుతిలో పెట్టినావే?"

"ఐదున్నరేనమ్మా" అన్నాను.

నా మొగం చాలాసేపు చూసి, పుస్తకం మూసేశారు.

ఊపిరాడని స్థితిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. గళగండాలు చాలామట్టుకు ప్రాణం తీయవనీ, కాని ఏండ్లతరబడి ఊరకున్న గడ్డ హఠాత్తుగా పెరిగినా, గట్టిపడినా, గొంతు మారినా రాచపుండేమోనని, అంటే క్యాన్సరేమోనని, వెంటనే చూపించుకోవాలనీ, ఇప్పుడు చేయి దాటిపోయిందనీ అక్కడి సర్జను చెప్పాడు. గొంతు ఎప్పుడు మారిందని అడిగాడు. అన్నగారు తెలియదన్నారు. నాకు వారంతో సహా తెలుసు.

అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు. సంతాపసభలో నన్ను పాడమన్నారు, నేను పాడను. ఆ శ్రుతిపెట్టె నా ఇంట ఉంది. దాన్ని తిరిగి ఐదున్నరకు పెట్టాను. ఇకమీద ఎవరి గొంతు మారినా, ఎంతటివారైనా, శ్రుతి దించను, చెయ్యి పట్టి ఆసుపత్రికి లాక్కుపోతాను.

అమ్మా, ఆనాడు ఐదున్నర కాదు. మూడు.